చెరువు నేల మీద వెలసిన పేట: మద్రాసు త్యాగరాయనగర్ చరిత్ర, ఆకర్షణ

(వేంపల్లెలో బి.ఎన్. రెడ్డి స్మృత్యర్థం చేసిన స్మారకోపన్యాస పాఠం)

పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో పుట్టి, మద్రాసులో వాహినీ సంస్థకు ప్రాణం పోసి, దక్షిణాది నుంచి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న తొలి వ్యక్తిగా నిలిచిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి స్మృతికి అంకితమైన ఉపన్యాసంలో, పాపఘ్ని ఒడ్డున ఉన్న వేంపల్లెను గానీ కడపను గానీ కాక మద్రాసులోని ఒక పేటను వస్తువుగా తీసుకోవడానికి కారణం ఉంది. 1800లో దత్తమండలాలు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చినప్పటి నుంచి 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా ఈ సీమకు రాజధాని మద్రాసే కాబట్టి, పెద్ద కోర్టులో వ్యాజ్యమైనా, కాలేజీ చదువైనా, పెద్దాసుపత్రి వైద్యమైనా, సినిమాలో అవకాశమైనా రేణిగుంట మీదుగా పోయే రైలెక్కి ఆ ఊరు చేరవలసిందే. అలా చేరినవారిలో పేరు గడించిన తెలుగువారు ఎక్కువగా ఇళ్లు కట్టుకున్న చోటు త్యాగరాయనగర్.

పేరున్న పేట అంటే సామాన్యంగా డబ్బున్నవారు ఉండే చోటని అనుకుంటారు గానీ, డబ్బు మాత్రమే ఉన్న వీధులు ఏ నగరంలోనైనా చాలా ఉంటాయి, వాటి పేర్లు మాత్రం రెండు తరాలు దాటవు. ఒక పేటను చూడాలని పరాయి ఊరివారికి కూడా అనిపించడానికి మూలం అక్కడి పార్కులు, సభలు, గ్రంథాలు పుట్టే చోట్లు వంటి అందరికీ తలుపు తీసి ఉంచిన స్థలాలేనని, ఆ స్థలాలు తెచ్చిపెట్టిన పేరును అంగడి అమ్ముకుంటూ పోతే చివరకు మిగిలేది రద్దీయేనని త్యాగరాయనగర్ నూరేళ్ల చరిత్ర చెబుతుంది. ఆ చరిత్రకు అడుగున ఒక చెరువు ఉండటం, చెరువుల మీద బతికిన సీమవారు ప్రత్యేకంగా గమనించదగిన సంగతి.

1. చెరువు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ పేట ఉన్న చోట ఇళ్లు లేవు, నీళ్లున్నాయి. నుంగంబాకం నుంచి మాంబలం మీదుగా దక్షిణానికి వంపు తిరిగి సాగిన ఆ చెరువును ఇంగ్లీషు పటాలు లాంగ్ ట్యాంక్ అనే పేరుతో గుర్తించాయి. వానకు నిండి, కట్ట కింద ఉన్న ఆయకట్టుకు, అంటే ఆ చెరువు నీటితో సాగయ్యే పొలానికి, తూముల ద్వారా నీరందించే మామూలు పల్లెటూరి చెరువే అది. 1921 జనాభా లెక్కల నాటికి మద్రాసులో సుమారు 5.27 లక్షల మంది ఉన్నారు. సముద్రం తూర్పుకు దారి మూసింది కనుక ఊరు పడమటికే పెరగాలి. 1911లో మాంబలంలో రైల్వే స్టేషను ఏర్పడటంతో ఆ దిక్కుకు రాకపోకలూ సులువయ్యాయి. 1920లో వచ్చిన మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం, కొత్త పేటను ముందే గీతలు గీసి కట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 1923లో మాంబలం వైపు చెరువును ఎండగట్టే పని మొదలై, ఆ దశాబ్దం మధ్యకు వచ్చేసరికి నడుమ పార్కు, దాని నుంచి నాలుగు దిక్కులకూ వెడల్పాటి రోడ్లు, రోడ్ల వెంట తోటలతో కూడిన ఇళ్ల స్థలాలు గల పేట రూపు కట్టింది.

కడప జిల్లాలోనే ఉన్న పోరుమామిళ్ల శాసనాన్ని ఈ సందర్భంలో తలచుకోవాలి. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369 నాటి ఆ శాసనంలో, వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు శ్రమించి చెరువును కట్టిన తీరును చెప్పి, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరుసగా పేర్కొన్నాడు. ధర్మం తెలిసిన ప్రభువు, నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీయని నీరు, దగ్గరలో రాతి గని, పని తెలిసిన జనం ఆ అంగాలలో కొన్ని. కట్ట నుంచి నీరు ఊరటం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, పొలం ఎక్కువై నీరు తక్కువ కావడం ఆ దోషాలలో కొన్ని. చెరువు కట్టినవారికీ బాగుచేయించినవారికీ ఆయకట్టులో దశబంధం పేరుతో మాన్యం ఇచ్చే ఆచారం సీమలో తరతరాలు నడిచింది. చెరువును కట్టడం ఎంతటి పుణ్యకార్యమో ఇన్ని శాసనాలు చెప్పిన దేశంలో, దాన్ని పూడ్చి పేట కట్టడం మాత్రం ఒక దస్త్రంతో ముగిసింది. ఇళ్లకు చోటు నిజంగానే కావలసి వచ్చింది కాబట్టి ఆ నిర్ణయాన్ని అవివేకమని కొట్టిపారేయలేము గానీ, దాని ఖర్చు ఆనాటి లెక్కల్లోకి ఎక్కలేదన్నది నిజం.

2. పేర్లు చెప్పే రాజకీయం

కొత్త పేటకు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో 1852లో పుట్టి 1925లో కన్నుమూసిన ఆయన, మద్రాసు కార్పొరేషనుకు తొలి అనధికార అధ్యక్షుడు, అంటే సర్కారు ఉద్యోగి కాకుండా ఆ పదవికి వచ్చిన మొదటివాడు; 1916లో టి.ఎం. నాయర్, సి. నటేశ మొదలియార్‌లతో కలిసి బ్రాహ్మణేతరుల రాజకీయ పక్షమైన జస్టిస్ పార్టీని స్థాపించినవాడు. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచినప్పుడు మొదటి మంత్రి పదవి తన దగ్గరికి వచ్చినా వద్దన్నవాడు. నడిమి పార్కుకు కాళహస్తికి చెందిన పానగల్ రాజా, అంటే 1921 నుంచి 1926 దాకా మొదటి మంత్రిగా, నేటి ముఖ్యమంత్రి వంటి హోదాలో పాలించిన పానగంటి రామారాయణింగారి పేరు వచ్చింది. డాక్టర్ నాయర్ రోడ్డు, నటేశన్ పార్కు, గోపతి నారాయణస్వామి చెట్టిని గుర్తుచేసే జి.ఎన్. చెట్టి రోడ్డు, ఉస్మాన్ రోడ్డు, హబీబుల్లా రోడ్డు, బజుల్లా రోడ్డు, ఇంగ్లీషు అధికారి పేరున్న బోగ్ రోడ్డు కలిస్తే, 1920లలో మద్రాసును ఏలినవారి పట్టిక మొత్తం పేట పటంలో కనిపిస్తుంది.

ఈ పేర్లలో తెలుగు, తమిళ, మలయాళ, ముస్లిం నాయకులందరూ ఉండటం యాదృచ్ఛికం కాదు. మైలాపూరు వంటి పాత పేటలు గుడి చుట్టూ, కులం చుట్టూ, తరతరాల ఆస్తి చుట్టూ అల్లుకున్నవి కాగా, త్యాగరాయనగర్‌కు అటువంటి పాత యజమాని లేడు. చెరువు నేల ఎవరి తాతదీ కాదు గనుక, స్థలం కొనగలిగిన వకీలు, ఉద్యోగి, వ్యాపారి, సంగీత విద్వాంసుడు, సినిమా నటుడు పక్కపక్కన ఇల్లు కట్టుకోగలిగారు. బయటి నుంచి వచ్చినవాడు అక్కడ పరాయివాడు కాలేదు. సీమ నుంచి, సర్కారు జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారికి ఆ పేట నచ్చడానికి ఇది మొదటి కారణం.

3. అందరి స్థలాలు

పానగల్ పార్కు ఆ పేటకు ఊపిరి. సినిమా అవకాశాల కోసం మద్రాసు చేరిన తెలుగు యువకులు పగలంతా కంపెనీల చుట్టూ తిరిగి, సాయంత్రం అక్కడి బెంచీల మీద చేరి, ఏ కంపెనీలో ఏ వేషం ఖాళీ ఉందో, ఎవరికి పాట రాసే పని దొరికిందో చెప్పుకునేవారు. ఘంటసాల వేంకటేశ్వరరావు తొలిరోజుల్లో తలదాచుకునే చోటు చాలక, పార్కు కావలివాడికి నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రుళ్లు అక్కడే పడుకునేవారని ఆయన జీవితం గురించి రాసినవారు చెబుతారు. ఆ తర్వాత కొన్నేళ్లకు అదే గొంతు తెలుగు దేశమంతటా వినిపించింది. ఇల్లు లేనివాడికి పేట నడిబొడ్డున రెండు రూపాయలకు చోటిచ్చిన ఆ పార్కును తీసివేసి చూస్తే, చుట్టూ ఉన్న మేడల చరిత్ర సగం వెలితిగా కనిపిస్తుంది.

జి.ఎన్. చెట్టి రోడ్డులోని వాణీ మహల్ రెండో ఉదాహరణ. బి.ఎన్. రెడ్డి 1939లో తీసిన 'వందేమాతరం'లో కథానాయకుడు, తర్వాత 'త్యాగయ్య'ను తానే నిర్మించి నటించిన చిత్తూరు నాగయ్య, 1940ల మధ్యలో త్యాగబ్రహ్మ గానసభను నెలకొల్పగా, దాని వేదికగా ఏర్పడిన ఆ మందిరంలో కచేరీలు, నాటకాలు భాషాభేదం లేకుండా నేటికీ సాగుతున్నాయి. సినిమాలో సంపాదించిన డబ్బు కచేరీ మందిరంగా మారడం, ఆ మందిరం పేటకు గౌరవం తేవడం గమనించదగింది. నాగయ్య విగ్రహం పానగల్ పార్కులో నిలిచింది.

మూడోది దక్షిణ భారత హిందీ ప్రచార సభ. 1918లో గాంధీ ప్రేరణతో మొదలైన ఈ సంస్థ 1936లో త్యాగరాయనగర్‌కు మారింది, 1946 జనవరిలో దాని రజతోత్సవానికి వచ్చిన గాంధీ ఆ ఆవరణలోనే బస చేశారు. ఆ సభను నడిపిన వారిలో ముఖ్యుడైన కృష్ణా జిల్లా మోటూరి సత్యనారాయణే మద్రాసులో తెలుగు భాషా సమితిని స్థాపించి, విషయాల వారీగా సంపుటాలు వెలువరించిన విజ్ఞాన సర్వస్వాన్ని, అంటే సకల శాస్త్రాల సంగతులను ఒకచోట కూర్చిన గ్రంథమాలను, తెలుగువారికి అందించారు. హిందీని ప్రచారం చేసే చోట తెలుగు విజ్ఞాన సర్వస్వం ఆలోచన ఊపిరి పోసుకోగలగడం, ఎవరి పేటా కాని పేటలోనే సాధ్యం.

4. సీమ నుంచి వెళ్లినవారు

ఎర్రగడ్డలను రంగూనుకు ఎగుమతి చేసే వ్యాపారమున్న కుటుంబం నుంచి వచ్చిన బి.ఎన్. రెడ్డి, ఆయన తమ్ముడు బి. నాగిరెడ్డి, తాడిపత్రి ప్రాంతం నుంచి వచ్చిన మూలా నారాయణస్వామి, కె.వి. రెడ్డి, ఈ నలుగురినీ కలిపి చూస్తే, తెలుగు సినిమా స్వర్ణయుగమని పిలిచే కాలానికి పెట్టుబడిలోనూ పనితనంలోనూ రాయలసీమ ఇచ్చిన వాటా ఎంతో తెలుస్తుంది. వాహినీ సంస్థ 'సుమంగళి', 'దేవత', 'భక్త పోతన', 'స్వర్గసీమ', 'మల్లీశ్వరి' తీసింది. నాగిరెడ్డి, చక్రపాణి జంట విజయా సంస్థ పేరుతో 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్' తీసి, 1947 జూలైలో 'చందమామ' మాసపత్రికను ప్రారంభించింది. వడపళనిలోని వాహినీ స్టూడియో ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది.

స్టూడియోలు కోడంబాకం, వడపళని వైపు ఉండగా, పాత నగరం తూర్పున ఉండటంతో, నడుమ పడిన త్యాగరాయనగర్ సినిమావారి నివాసానికి అనువైనదయింది. రైలు పట్టాల మీద వంతెన పడేదాకా కోడంబాకం గేటు మూసిన ప్రతిసారీ తారల కార్లు ఆగిపోవడం, వారిని చూసేందుకు గేటు దగ్గర జనం కాచుకుని ఉండటం మద్రాసులో నిత్యం కనిపించే దృశ్యం. హబీబుల్లా రోడ్డులో సావిత్రి, బజుల్లా రోడ్డులో ఎన్.టి. రామారావు, బోగ్ రోడ్డులో శివాజీ గణేశన్ నివసించారు. తిరుపతి కొండకు వెళ్లిన యాత్రికులు దర్శనం కాగానే బస్సుల్లో నేరుగా మద్రాసు చేరి, గుండు కొట్టించుకున్న తలలతో, చేతిలో లడ్డు ప్రసాదంతో రామారావు ఇంటి గేటు ముందు బారులు తీరేవారు. తెల్లవారుజామునే ఆయన బయటికి వచ్చి నమస్కరిస్తే తప్ప ఆ యాత్ర పూర్తయినట్టు వారికి అనిపించేది కాదు. ఒక ఇంటి గేటు పుణ్యక్షేత్ర యాత్రలో మజిలీ కావడం తెలుగు సామాజిక చరిత్రలో అరుదైన విషయం.

సీమ నుంచి వెళ్లింది మనుషులు మాత్రమే కాదు. కడప జిల్లా గనుల నుంచి రైలెక్కిన నాపరాయి మద్రాసు ఇళ్లలో ఎటు చూసినా కనిపించేది. పాత ఇళ్ల వంటగదుల్లో గోడలోకి దూర్చిన నల్లబూడిద రంగు బండ అరలు, వాటి మీద వరుసగా పేర్చిన ఇత్తడి డబ్బాలు, దశాబ్దాల నూనె జిడ్డు పట్టి నిగనిగలాడే బండ అంచులు ఆనాటి ఇంటి నిర్మాణంలో ముఖ్యభాగం. తమిళులు నేటికీ ఆ రాతిని కడప పేరుతోనే పిలుస్తారు. మేడకు ముందు వైపు గచ్చు నునుపు, వెనక వైపు సీమ బండ, ఈ రెండూ కలిస్తేనే ఆ ఇల్లు.

5. సరిహద్దు

పోరుమామిళ్ల శాసనం చెప్పిన దోషాలలో రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఒకటి. చెరువు పోయినా ఆ దోషం పేటను వదలలేదు. త్యాగరాయనగర్‌కు దగ్గరలోని మైలాపూరులో, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు నివాసమైన శ్రీబాగ్‌లో 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు ఒప్పందం చేసుకున్నారు. కడప కోటిరెడ్డి వంటివారు పాల్గొన్న ఆ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్న నీటి వాడకంలో పదేళ్లపాటు సీమకు ప్రాధాన్యం, రాజధాని, హైకోర్టులలో కోరుకున్నది సీమకు, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అనేవి ముఖ్యాంశాలు. అదే మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలో అసువులు బాసే నాటికి రాష్ట్రాన్ని పాలిస్తున్నది రాజాజీ. ఆయన జీవితంలో కొంతకాలం గడిపిన వీధి, తర్వాత రామారావు వీధిగా తెలుగువారికి తెలిసిన బజుల్లా రోడ్డే.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడి మద్రాసు తమిళులకు మిగిలినా, త్యాగరాయనగర్ తెలుగువారు వెంటనే మూట కట్టుకోలేదు. స్టూడియోలు, రికార్డింగు థియేటర్లు, పనితెలిసిన సాంకేతికులు అక్కడే ఉండటంతో తెలుగు సినిమా మరో పాతికేళ్లకు పైగా మద్రాసులోనే పుట్టింది. రాజధాని మారినంత వేగంగా సంస్కృతి మారదని, అది పనిముట్ల వెంట, పనివారి వెంట నడుస్తుందని దీనివల్ల తెలుస్తుంది. 1970ల నడుమ అన్నపూర్ణ స్టూడియో హైదరాబాదులో నిలిచాక, పనిముట్లు మెల్లగా బంజారాహిల్స్, జూబిలీహిల్స్ కొండలకు చేరాయి, పేరున్న పేట అనే హోదా కూడా వాటి వెంటే పోయింది.

6. అంగడి

తెలుగు సినిమా వెళ్లిపోయిన పేటను నింపింది అంగడి. కంచి పట్టు నేతకు చెందిన నల్లి చిన్నసామి చెట్టి 1928లో మొదలుపెట్టిన దుకాణం పానగల్ పార్కు చెంతనే పెరిగింది. సౌందరపాండియన్ నాడార్ పేరును కుదించిన పాండీ బజారు సాయంత్రపు షికారుకు పేరు పొందింది. మాంబలం స్టేషనుకూ ఉస్మాన్ రోడ్డుకూ నడుమ ఉన్న రంగనాథన్ వీధి మొదట ఇళ్ల వీధే అయినా, రైలు దిగినవారు నడిచే దారి కావడంతో అంగళ్ల వీధిగా మారింది. పెళ్లి ముహూర్తం పెట్టుకున్న కడప, చిత్తూరు కుటుంబాలు చీరలకూ నగలకూ నేటికీ అక్కడికి వెళుతున్నాయి.

అంగడి వచ్చినందుకు పేటను నిందించనక్కరలేదు, అది సామాన్యులకు గేటు తెరిచిన మాట నిజం. కాకపోతే పేటకు పేరు తెచ్చిన తోట ఇళ్లు ఒక్కొక్కటే అంతస్తుల దుకాణాలుగా మారి, చెట్ల నీడ పోయి, కాలిబాట మీద నడవడానికి చోటు చాలని స్థితి వచ్చింది. 2019లో పాండీ బజారులో వాహనాలను తగ్గించి నడిచేవారి కోసం వెడల్పాటి బాట వేయడం, 2023లో మాంబలం స్టేషను నుంచి బస్టాండు దాకా ఆకాశ వంతెన కట్టడం, 1920లలో గీసిన పటంలో ఉచితంగా ఉన్న సౌకర్యాన్ని నూరేళ్ల తర్వాత డబ్బు పెట్టి తిరిగి కొనుక్కోవడమే.

7. నీటి బాకీ

చెరువు ఖర్చు మాత్రం ఇంకా తీరలేదు. నీటికి పటాలు తెలియవు, పల్లమే తెలుసు. కాబట్టి పెద్దవాన పడిన ప్రతిసారీ అది పాత చెరువు నేలనే వెతుక్కుంటుంది. పేట గుండా పోయే మాంబలం కాలువ 2015 డిసెంబరులో, మళ్లీ 2021 నవంబరులో పొంగినప్పుడు వీధులు నీట మునిగాయి. వాన లేని ఏడు అదే నగరం తాగునీటికి అల్లాడుతుంది.

ఈ కథలో సీమకు మళ్లీ వేషం పడింది. మద్రాసు దాహం తీర్చడానికి కృష్ణా నీటి నుంచి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఒక్కొక్కటి 5 టి.ఎం.సి. చొప్పున, మొత్తం 15 టి.ఎం.సి. ఇవ్వడానికి ఒప్పుకున్నాయి, టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. తెలుగుగంగ పథకంపై 1983 ఏప్రిల్‌లో తమిళనాడుతో ఒప్పందం చేసుకున్న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, బజుల్లా రోడ్డు ఇంటి గేటు ముందు యాత్రికులు బారులు తీరిన రామారావే. అవతలి పక్షాన ఉన్నది అదే త్యాగరాయనగర్‌లోని ఆర్కాట్ వీధితో సంబంధమున్న ఎం.జి. రామచంద్రన్. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా పూండి చేరే ఈ నీరు 1996లో మద్రాసును తాకింది. పథకంలో భాగమైన బ్రహ్మంసాగర్ కడప జిల్లాలోనే ఉంది. దారిలో సీమ పొలాలకు కొంత నీరు దక్కడం ఈ పథకం చేసిన మేలు. అయినా 1937లో శ్రీబాగ్‌లో నీటి ప్రాధాన్యం మాట పొందిన సీమ, నీటిని నగరానికి దాటించే దారిగా కూడా మిగిలిందన్న సంగతిని చరిత్ర రాసేవారు దాచకూడదు. చెరువును పేటగా మార్చుకున్న నగరం, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి నీటిని రప్పించుకోవలసి రావడమే 1923 నాటి దస్త్రంలో రాయని ఖర్చు.

8. సీమ పట్టణాలకు పనికొచ్చే మాట

కడప 2004లో నగరపాలక సంస్థ అయింది. ప్రొద్దుటూరు, పులివెందుల, వేంపల్లె చుట్టూ పొలాలు రాళ్లు పాతి ప్లాట్లుగా మారుతున్నాయి. ప్రతి వెంచరుకూ ఒక కమాను, ఒక ఆంగ్ల నామం ఉన్నాయి. వాటిలో నూరేళ్ల తర్వాత ఎవరైనా చూడాలని వచ్చే పేట ఎన్ని అవుతాయన్నది ఇప్పుడు గీసే గీతలను బట్టే తేలుతుంది. 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి కడప వీధులను ముంచినప్పుడు, మాంబలం చెప్పిన పాఠమే ఈ జిల్లాలోనూ వినిపించింది.

ఆదర్శం కోసం సీమ మద్రాసు దాకా పోనక్కరలేదు. కడప ఎర్రముక్కపల్లెలో, సి.పి. బ్రౌన్ ఒకనాడు పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలను పరిష్కరింపజేసిన బంగళా ఉన్న చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో గ్రంథాలయం నిలిచి, నేడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. పరాయి దేశం నుంచి ఎవరైనా తెలుగు పరిశోధకుడు కడపకు వస్తే మొదట అడిగేది ఆ పేటనే గానీ కొత్త వెంచరును కాదు. పానగల్ పార్కు, వాణీ మహల్, హిందీ ప్రచార సభ త్యాగరాయనగర్‌కు చేసిన పనిని ఒక్క గ్రంథాలయం ఎర్రముక్కపల్లెకు చేస్తున్నది.

బి.ఎన్. రెడ్డి తరం మద్రాసుకు వెళ్లింది, ఇక్కడ స్టూడియో, సభ, ముద్రణాలయం లేకపోవడం వల్ల. నేటి తరానికి ఇడుపులపాయలో విశ్వవిద్యాలయ స్థాయి సాంకేతిక విద్యాసంస్థ ఉంది, కడపలో విశ్వవిద్యాలయం ఉంది, చదువుకున్న యువత ఉంది. లేనివల్లా ఆ యువత సాయంత్రం పూట కూర్చుని మాట్లాడుకోగల పార్కు, నాటకం వేయగల మందిరం, అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే పుస్తకశాల. వాటికి కావలసిన నేలను ప్రతి లేఅవుటులోనూ చట్టం ఇప్పటికే వదలమంటున్నది. ఆ నేలను అమ్ముకోనివ్వకుండా, చెరువు గట్టును ప్లాట్లలో కలపనివ్వకుండా పంచాయతీలు, పురపాలక సంఘాలు గట్టిగా నిలబడితే చాలు, ఈ సీమ పట్టణాల్లో కూడా పేరున్న పేటలు పుడతాయి. నిలబడకపోతే ఇక్కడి పిల్లలు తమ ప్రతిభను మళ్లీ పరాయి నగరపు పార్కు బెంచీకే మోసుకుపోతారు.